వెంటనే తెలియజేస్తాం

మే 4

అక్కా,

ముందు శుభవార్త. నీకో కాపలాదారును పెట్టాను. జీతం నేనే ఇస్తున్నాను, కంగారుపడకు.

అప్పు తీసుకున్న మనిషి సరిగ్గా కడతాడా, ఎగ్గొడతాడా అని బ్యాంకులు చూసుకునే మార్కు ఒకటుంటుంది కదా, క్రెడిట్ స్కోరు. దాన్ని కళ్లలో వత్తులు వేసుకుని కాచుకునే కంపెనీ ఒకటి వచ్చింది. మన పేరు మీద ఎవరు అప్పు అడిగినా, తీసుకున్నా, మార్కు కాస్త తగ్గినా సరే వెంటనే ఫోనుకు అలర్టు వస్తుంది. "మీకంటే ముందే మాకు తెలుస్తుంది" అని వాళ్ల ప్రకటన. కుటుంబమంతటికీ కలిపి తీసుకుంటే చవక. అమ్మ పోయాక మన కుటుంబంలో మిగిలింది మనిద్దరమే కాబట్టి నిన్ను కూడా చేర్చాను. నీ సంగతులు నా ఫోనుకు వస్తాయి, నా సంగతులు నీ ఫోనుకు. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటానికి అలా పెట్టారట. సంతకం ఎప్పుడు పెట్టానని అడుగుతావేమో. కిందటిసారి వచ్చినప్పుడు నీ ముందు పెట్టిన కాగితాల్లో అదొకటి. కట్టుడు పళ్ల పనిలో ప్లాస్టర్ అంటిన చేతులతో నువ్వు ఏదీ చదవవని నాకు తెలుసు.

నా మార్కు చూస్తే నీ కళ్లు తిరుగుతాయి. "సార్, ఏదో ఒక అప్పు తీసుకోండి" అని బ్యాంకు వాళ్లే వెంటపడుతున్నారు. నేను తీసుకుంటానా!

డ్రైవింగు స్కూలు బాగానే నడుస్తోంది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకుంటున్నది రిటైరైన జడ్జిగారు. ఎర్రలైటు దగ్గర ఆగండి అంటే, "ఏ కారణం చేత?" అన్నారు. కారణాలు చెప్పే టైము లేక నా వైపు బ్రేకు నేనే తొక్కాను. నేర్పేవాడి కాలి కింద కూడా ఒక బ్రేకు పెట్టాలన్న ఆలోచన ఎవడికి వచ్చిందో కానీ, వాడికి దండం పెట్టాలి.

జాగ్రత్తగా ఉండు,
తమ్ముడు


మే 11

ఒరేయ్ బ్రేకూ,

చదవకుండా సంతకం పెట్టించుకునేదీ నువ్వే, నన్ను మోసగాళ్ల నుంచి కాపాడేదీ నువ్వే. బాగుంది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు పళ్ల డాక్టరుగారి రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఇక్కడే ఉంది, కట్టుడు పళ్ల సెట్టు తీసుకెళ్లడానికి వచ్చింది. "ఈ రోజుల్లో ఉత్తరాలేంటండీ, మీ తమ్ముడికి ఫోను లేదా?" అంది. ఉంది కాబట్టే ఉత్తరాలు రాసుకుంటున్నామమ్మా అన్నాను. ఆ పిల్లకేం తెలుసు! నేను "రేపు" అనేలోపే నువ్వు "వద్దు" అంటావు. అమ్మ సామాన్ల పంపకం దగ్గర మనం ఫోనులో అరుచుకున్న అరుపులకు కింది అంతస్తు లాయరుగారు పైకి పరుగెత్తుకొచ్చారు. ఉత్తరమైతే చివరి అక్షరం దాకా నన్ను ఆపేవాడుండడు.

కాబట్టి ఇది కూడా చివరిదాకా చదువు. నేనీ గది కొందామనుకుంటున్నాను.

ఓనరు పెద్దావిడ దీన్ని అమ్మేసి వాళ్ల చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుందట. మెట్లన్నీ ఎక్కొచ్చి, నేను కట్టిన పళ్లతోనే నవ్వుతూ ఆ మాట చెప్పింది. "నిన్ను కాదని ఇంకొకళ్లకి ఇవ్వనమ్మా. జూలై ఆఖరుదాకా చూస్తాను" అంది. నీకీ గది సంగతి తెలుసు. సింకులో ఎప్పుడూ ప్లాస్టర్ అడ్డం పడుతుంది, తలుపు తన్నితే గానీ మూసుకోదు. కానీ ఆ కిటికీ ఉంది చూశావూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకేలాంటి వెలుతురు. పన్ను రంగు కలపాలంటే అదే కావాలి. బల్బు కింద అన్ని పళ్లూ పచ్చగానే కనిపిస్తాయి. ఇన్నేళ్లలో నా సెట్టు ఒక్కటి కూడా రంగు కుదరలేదని తిరిగి రాలేదంటే సగం గొప్ప ఆ కిటికీదే. అది లేకపోతే నా పనే లేదు.

అప్పు కోసం బస్టాండు పక్క బ్యాంకుకు వెళ్లాను. అక్కడి పెద్దమనిషి నేను చేసే పని విని తన దవడ తడుముకున్నాడు తప్ప నా మొహం చూడలేదు. చెప్పిన వడ్డీ వింటే ఉన్న పళ్లు ఊడతాయి. వద్దని లేచొచ్చేశాను, ఆ కథ అక్కడితో సరి. పెద్దరోడ్డు మీది బ్యాంకులో అడుగుతాను.

అన్నట్టు, నేను ఆ బస్టాండు బ్యాంకు గడప తొక్కి వారం దాటింది. నీ కాపలాదారు ఏమీ అనలేదా?

నీ అక్క


మే 19

అక్కా,

చివరిదాకా చదివాను. మధ్యలో మూడుసార్లు "వద్దు" అన్నాను, నీకు వినపడలేదు అంతే.

నేను అడ్డు చెప్పడం లేదు. ఊరికే అడుగుతున్నాను. ఆ గోడల్లో చెమ్మ ఉందేమో చూశావా? రేపు నీ మోకాళ్లు ఆ మెట్లకు ఒప్పుకుంటాయా? జనం పళ్లు ఊడటం మానేస్తే కిస్తీలు ఎలా కడతావు? ఇవి ప్రశ్నలు మాత్రమే.

కాపలాదారు విషయానికొస్తే, నువ్వన్నది నిజమే, అలర్టేదీ రాలేదు. కంపెనీకి ఫోను చేశాను. పాట వినిపించి, వినిపించి, చివరికి ఒకమ్మాయిని కలిపారు.

"వెంటనే చెప్తామన్నారు కదండీ?" అన్నాను.

"వెంటనే చెప్తామండీ. మాకు తెలిసిన వెంటనే."

"మీకెప్పుడు తెలుస్తుంది?"

"బ్యాంకు వాళ్లు చెప్పినప్పుడండీ."

"వాళ్లెప్పుడు చెప్తారు?"

"నెలకోసారి చెప్తారండీ. తీరిక లేకపోతే పై నెల. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇప్పటిదాకా చేసిన సహాయమేమిటో అడుగుదామనుకున్నాను. అంతలో, సేవ ఎలా ఉందో అయిదు చుక్కల్లో చెప్పమని మెసేజ్ వచ్చింది. అది మాత్రం వెంటనే వచ్చింది.

సరే, నీ అప్పు నేను ఇప్పిస్తాను. నా మార్కు ఊరికే పడి ఉంది కదా, నా పేరు మీద తీసుకుందాం.

తమ్ముడు


జూన్ 14

ఒరేయ్ చిన్నోడా,

జవాబు ఆలస్యమైంది. ముగ్గురు డాక్టర్లు ఒకేసారి నోటి అచ్చులు పంపారు. బల్ల మీద ఎటు చూసినా ఎవరివో దవడలే.

నీ పేరు మీద అప్పు మాత్రం వద్దు. నీ మనసు మంచిదే. కానీ నీ పేరు మీద కొంటే అది నీ గది అవుతుంది. గోడకు మేకు కొట్టాలన్నా ముందు నీకు ఉత్తరం రాయాలి. నువ్వు "ఆ మేకు అవసరమా?" అని మూడు ప్రశ్నలు పంపుతావు. నాకు ఈ వయసులో నా గోడ కావాలి, నా మేకు కావాలి.

దాని అవసరం కూడా రాదులే. పెద్దరోడ్డు బ్యాంకులో మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి ఒకతి ఉంది, బంగారం. కాగితాలన్నీ చూసి, "అంతా బాగుందండీ, పైవాళ్లు మీ స్కోరు చివరిసారి చూసుకుంటారు, ఈ వారంలో చెప్పేస్తాం" అంది. ఇంటికొచ్చి టేపు పెట్టి గోడ కొలిచాను. అచ్చులన్నీ నేల మీదే ఉంటున్నాయి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే అలమర కొట్టిస్తాను. కిటికీ జోలికి మాత్రం పోను.

చాలా రోజుల తరవాత పని చేస్తూ కూనిరాగం తీశాను. దవడలు తప్ప వినేవాళ్లు లేరు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

అక్క


జూన్ 15

అక్కా,

భయపడకు. అన్నీ చక్కబెట్టేశాను.

ఈ పొద్దున జడ్జిగారికి రివర్సు నేర్పుతుంటే ఫోను టింగుమంది. ఎట్టకేలకు అలర్టు! "మీ కుటుంబ సభ్యురాలి పేరు మీద ఒక బ్యాంకులో అప్పు కోసం విచారణ జరిగింది. ఇది మీకు తెలిసి జరిగినదేనా?" అని. ఏ బ్యాంకో చూస్తే బస్టాండు పక్కది. నా గుండెలో రాయి పడింది. ఆ బ్యాంకు కథ ముగిసిందని నువ్వే రాశావు కదా. నువ్వు పెద్దరోడ్డు బ్యాంకుకు వెళ్లే మనిషివి. మరి నీ పేరు చెప్పుకుని బస్టాండు బ్యాంకులో అప్పు అడిగిందెవరు? విచారణ ఎప్పుడు జరిగిందో అందులో ఒక్క ముక్క లేదు. వెంటనే చెప్తామన్నారు కాబట్టి ఇప్పుడే అయి ఉంటుంది.

నీకు ఫోను చేశాను, ఎత్తలేదు. చేతులకు ప్లాస్టర్ ఉండి ఉంటుంది. జడ్జిగారిని అడిగితే, "ముందు స్టే ఇవ్వాలి, వాదనలు తరవాత" అన్నారు. ఆ మెసేజ్ కిందే ఎర్రటి బొత్తాం ఉంది, నీ ఫైలుకు తాళం వేయడానికి. నొక్కేశాను.

ఇక బ్రహ్మరుద్రాదులు దిగొచ్చినా నీ పేరు మీద అప్పు పుట్టదు. నిశ్చింతగా ఉండు.

కళ్లు తెరుచుకుని ఉన్న నీ తమ్ముడు


జూన్ 20

బ్రహ్మరుద్రాదులు రాలేదు. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి ఫోను చేసింది.

"మీ ఫైలుకు తాళం పడిందండీ, పైవాళ్లు పక్కన పెట్టేశారు" అంది. ఎవరో దొంగ వేసి ఉంటాడని ఆ పిల్లతో పోట్లాడాను. నా తమ్ముడు ఇలాంటివి కనిపెట్టడానికే ఒక కంపెనీని పెట్టాడు, వాడికి చెప్తే నిమిషంలో పట్టేస్తాడు, మీలాగా కాదు అని కూడా అన్నాను. ఇంటికొచ్చేసరికి తలుపు కింద నీ ఉత్తరం ఉంది.

బస్టాండు బ్యాంకులో అప్పు అడిగింది నేనేరా. మే నెల మొదట్లో! నీకు రాసిన ఉత్తరం నాలుగు రోజుల్లో చేరింది. నీ కాపలాదారు అదే కబురు తేవడానికి ఇన్ని వారాలు పట్టింది.

తాళం తీయించు.


జూన్ 25

అక్కా,

తాళం వేయడానికి బొత్తాం ఉంది. తీయడానికి లేదు. నువ్వే నువ్వని రుజువు చేసే కాగితాలు పోస్టులో పంపాలట, వాళ్లు పరిశీలించాలట, అయ్యాక "వెంటనే" తీస్తారట. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతోంది.

వాళ్ల ఆఫీసుకే వెళ్లాను. అద్దాల మేడ, కింద పూలకుండీలు, కాపలావాడు తప్ప మనిషన్నవాడు లేడు. నేను చెప్పుకున్న గోడు అంతా విని అతనే, "మా ఆవిడ చీటీ రాసి బియ్యం డబ్బాలో పెడుతుందండీ, ఇంతకంటే తొందరగా అందుతుంది" అన్నాడు. అతను తప్ప నాతో ఎవరూ మాట్లాడలేదు.

తప్పు నాది. జడ్జిగారిది కూడా కాదు, నాదే. పెద్దావిడను ఇంకొంచెం ఆగమని అడుగు. లేదంటే నా పేరు మీద తీసుకోనివ్వు. నీ కాళ్లు పట్టుకుంటాను.

తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడికి,

నీ కంపెనీకి కాగితాలు పంపి నెలైంది, తాళం అలాగే ఉంది. పెద్దావిడ వారం రోజులు ఎక్కువే ఆగేది, చెల్లెలి ఊళ్లో ఇంటికి మాటిచ్చి ఉండకపోతే. కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పింది. గది అమ్ముడుపోయింది. కొన్నదెవరో పైఊరి మనిషట, వచ్చి చూడను కూడా చూడలేదట, అంతా కింది లాయరుగారి చేతుల మీదే నడిచింది. ఎవరని అడిగితే ఆయన నీళ్లు నమిలాడు.

వాళ్ల ఇల్లు బంగారం గాను, ఇంకెక్కడా గది దొరకలేదా వాళ్లకి? చూడకుండా కొనేవాళ్లకు కిటికీ ఎందుకు? పళ్లు నూరడం నా వృత్తిలో చేయకూడని పని, అయినా నూరుతున్నాను.

నేను చూసిన వేరే గదులు మూడు. రెండింట్లో కిటికీ పక్కింటి గోడలోకి తెరుచుకుంటుంది. మూడోది నేలమాళిగ.

నిన్ను తిట్టే ఓపిక కూడా లేదు. కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయకు.


ఆగస్టు 20

ఈ గది కొన్నవారికి,

అయ్యా, లేదా అమ్మా, తమరెవరో నాకు తెలియదు. ఈ ఉత్తరం లాయరుగారి ద్వారా పంపుతున్నాను. నేను తమ గదిలో అద్దెకుంటూ కట్టుడు పళ్లు చేసే మనిషిని. తమరు వెళ్లమనలేదు గానీ, వెళ్లమనేదాకా ఉండటం నాకు ఇష్టం లేదు. వచ్చే నెల ఆఖరుకు ఖాళీ చేస్తాను.

గది గురించి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సింకులో ప్లాస్టర్ నా తప్పే, శుభ్రం చేయించి వెళ్తాను. తలుపును కింది మూలన తన్నండి, మధ్యలో తంతే పగులుతుంది. కిటికీకి దయచేసి తెర వేయకండి. అంత మంచి వెలుతురు ఈ వీధిలో ఇంకెక్కడా లేదు.

ఇంకొక మనవి. నాకొక తమ్ముడున్నాడు. నేను ఖాళీ చేస్తున్న సంగతి వాడికి ఇంకా చెప్పలేదు, ఇప్పట్లో చెప్పను. ఎప్పుడైనా వాడిక్కడికి వస్తే, అక్కకు ఇంకా మంచి గది దొరికి తనే వెళ్లిందని చెప్పండి. ఈ గది నా చేయి జారిపోవడానికి తనే కారణమని వాడు కుమిలిపోతున్నాడు. కారణం వాడే, అందులో అబద్ధం లేదు. కానీ వాడు చెడ్డవాడు కాదండి. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని బతికాడు. ఎవరు నడుపుతున్నా సరే, వాళ్లకు దెబ్బ తగులుతుందని భయపడి వీడు బ్రేకు తొక్కుతాడు. మా అమ్మ పోయిన నాటి నుంచి ఆ భయమంతా నా ఒక్కదాని మీదే పెట్టుకున్నాడు. రాయొద్దని నేనే అన్నాను. వాడి ఉత్తరం రాక ఇన్నాళ్లయ్యేసరికి రోజూ తలుపు కింద చూసుకుంటున్నాను. ఈ మాట వాడితో అనలేను, నెత్తికెక్కి కూర్చుంటాడు. తమరు తెలియనివారు కాబట్టి రాశాను.

తమ విధేయురాలు,
పై అంతస్తు అద్దెమనిషి


ఆగస్టు 25

అక్కా,

రాయొద్దన్నావు. కానీ ముందు రాసింది నువ్వే కాబట్టి మాట తప్పింది నేను కాదు.

గది కొన్నది నేను.

లాయరుగారిని ఏమీ అనకు, నోరు విప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. ముందే చెప్తే నువ్వు ఒప్పుకోవు. కాగితాలన్నీ చేతికి వచ్చాక, నీ కోపం చల్లారాక చెబుదామనుకున్నాను. నా పేరు చెప్పగానే బ్యాంకు వాళ్లు కుర్చీ వేసి టీ ఇచ్చి మరీ అప్పిచ్చారు. ఇన్నేళ్లూ ఆ మార్కును బీరువాలో కొత్త బట్టలా దాచుకున్నాను. కట్టుకున్న రోజునే నలిగింది, బాగా తగ్గిందట. నాకేమీ బాధ అనిపించలేదు, అదే వింతగా ఉంది.

మొన్న ఇంకో అలర్టు వచ్చింది. "మీ కుటుంబ సభ్యురాలి ఫైలుకు తాళం పడింది. వేసింది మీరేనా?" అని. జూన్‌లో వేసిన తాళం! ఆ తాళం తీసేశాక గది నీ పేరు మీదికి మార్చుకుందువు గాని. అప్పటిదాకా నువ్వు ఇచ్చే అద్దె కిస్తీకి జమ. గోడకు ఎన్ని మేకులైనా కొట్టుకో. నేనొక్క ప్రశ్న కూడా అడగను.

నన్ను "తమరు" అని రాసిన ఉత్తరం నా జన్మలో ఇదొక్కటే. కారులో, అద్దం వెనక పెట్టుకున్నాను. దాన్ని చదివాక పాఠం చెప్పడం నా వల్ల కాలేదు. ఏం జరిగిందని జడ్జిగారు అడిగారు. కారణాలు చెప్పలేదు. ఆయన పరీక్ష ప్యాసయ్యారు. పరీక్ష ముందు చివరి పాఠంలో బ్రేకు మీది నుంచి కాలు తీసేసి కూర్చున్నాను. చెమటలు పట్టాయి కానీ ఇద్దరం బతికే ఉన్నాం.

అక్కా, ఖాళీ చేయకు.

తమ్ముడు


ఆగస్టు 30

ఒరేయ్ దొంగా,

అంతా అయిపోయాక చెప్పడంలో నువ్వూ నీ కంపెనీ ఒకటే. నేను నేలమాళిగకు అడ్వాన్సు ఇచ్చేశాను. తిరిగివ్వమని వాళ్లతో తగువు పెట్టుకోవాలి ఇప్పుడు.

నీ ఉత్తరం మెట్ల మీదే చదివి, అక్కడే కూర్చుని ఏడ్చాను. లాయరుగారు బయటికొచ్చి "పంటి నొప్పా?" అని అడిగారు. ఆయనకు రెండు చివాట్లు తగిలించాను.

ఆ ఉత్తరం వెనక్కి పంపు. అది నీకు రాసింది కాదు.

అక్క


నవంబరు 9

తమ్ముడూ,

నువ్వు ఆ ఉత్తరం వెనక్కి పంపలేదు. పంపవని తెలుసు.

అచ్చులు మైనంలో ముంచుతుంటే ఇప్పుడే ఫోను టింగుమంది. నీ డబ్బు ఊరికే పోలేదు, నాకు కూడా అలర్టు వచ్చింది. మాటలు యథాతథంగా రాస్తున్నాను: "అత్యవసరం. మీ కుటుంబ సభ్యుని పేరు మీద కొత్త గృహరుణం నమోదైంది. ఇది మీకు తెలియకుండా జరిగి ఉంటే వెంటనే ఆయన ఫైలుకు తాళం వేయండి." కింద ఎర్రటి బొత్తాం. గది కొన్నాక వానలు వెళ్లి చలి వచ్చింది, ఈ నెల కిస్తీ పొద్దున నేనే కట్టి వచ్చాను, వాళ్లకు ఇప్పుడు తెల్లారింది.

ఆ బొత్తాం మీద వేలు పెట్టి కాసేపు నీ గురించి ఆలోచించాను. నిన్ను కాపాడదామా అని. తరవాత చేయి కడుక్కుని, సుత్తి తీసుకుని, కిటికీ పక్క గోడకు ఒక మేకు కొట్టాను. నిన్నడగలేదు.

నీ అద్దెమనిషి,
అక్క